ముందు మట్టి చూస్తాను, మార్కులు తర్వాత

కొండల్లో సైకిల్ తొక్కడానికి ఏ చోటు బాగుంటుందని అడిగితే చాలామంది ఫొటోలు చూపిస్తారు. ఫొటోలో లోయ ఉంటుంది, మబ్బులు ఉంటాయి, అంచున ఠీవిగా నిలబెట్టిన సైకిల్ ఉంటుంది. చక్రం కింద ఏముందో మాత్రం కనిపించదు. నాకు కావలసింది అదే. కొత్త చోటికి వెళ్లగానే, సైకిల్ దించకముందే, వంగి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూస్తాను. ముద్ద కట్టి, వేలితో తాకగానే పొడిపొడిగా రాలితే ఆ రోజు పండగే. వేళ్లకు అంటుకుపోతే బురద. అసలు ముద్దే కట్టకపోతే మలుపుల్లో ముందు చక్రం జారడం ఖాయం. తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, పదకొండేళ్లుగా ఈ పరీక్ష నన్ను మోసం చేయలేదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను వేసే మార్కులకు అర్థం ఉండదు. ఎక్కడంలో నిదానం, దిగడంలో భయం, గాల్లోకి ఎగరడం మీద మోజు లేదు. బరువు 72 కిలోలు. టైర్లు 2.4 అంగుళాల వెడల్పువి, ట్యూబ్ లేనివి.

ఇంటి దగ్గరి కొండతో మొదలుపెడతాను. గడప దాటి ఇరవై నిమిషాలు తొక్కితే దాని పాదానికి చేరతాను. అక్కడ బోర్డులు లేవు, ఏ మ్యాపులోనూ గీత లేదు. మేకలు నడిచి నడిచి వేసిన బాట ఒకటి, కరెంటు స్తంభాల వెంట వాహనం పట్టేంత దారి ఒకటి. రెండూ కలిపితే 4 కిలోమీటర్ల చుట్టు. పైభాగమంతా గులకమట్టి. గట్టి నేల మీద బఠాణీలంత రాళ్లు చల్లినట్టుంటుంది. పిడికిట్లో ఎన్నడూ ముద్ద కట్టదు. అంటే నా పరీక్షలో ఈ కొండ ఎప్పుడో తప్పింది. అయినా వారానికి రెండుసార్లు అక్కడే ఉంటాను.

దిగుడులో మూడో మలుపు దగ్గర ఒక బండ ఉంది, పడుకున్న గేదె వీపులా. బాట దాని మీదుగా వెళ్లి వెంటనే ఎడమకు తిరుగుతుంది. మొదటి ఏడాది నేను పడినవన్నీ దాదాపు అక్కడే. ప్రతిసారీ ఒకే తీరు. బండ దిగుతూ భయంతో ముందు బ్రేకు పట్టేవాణ్ణి, అదే క్షణంలో హ్యాండిల్ తిప్పేవాణ్ణి, చక్రం రాళ్ల మీద జర్రున జారేది, ఎడమ మోచెయ్యి నేలను పలకరించేది. టైరుకు నేల మీద ఉన్న పట్టు కొంతే. దాన్నంతా బ్రేకుకే ఖర్చు చేస్తే మలుపు తిరగడానికి ఏమీ మిగలదు. ఈ ముక్క పుస్తకంలో చదివినప్పుడు అర్థమైంది అనుకున్నాను. మోచేతికి అర్థం కావడానికి మాత్రం ఏడాది పట్టింది. ఇప్పుడు బండకు ముందే, బాట తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గిస్తాను. బండ మీదికి రాగానే బ్రేకు వదిలేస్తాను. కుడి పెడల్ కిందికి తెచ్చి బరువంతా దాని మీద మోపి, సైకిల్‌ను ఎడమకు వంచి, చూపు మాత్రం మలుపు అవతల ఉన్న పొద మీద పెడతాను. రాయి వంక చూస్తే రాయి మీదికే పోతాం.

రెండో పాఠం గాలి. మొదట్లో టైర్లలో 35 పీఎస్‌ఐ కొట్టించుకుని, రాయి రాయికీ ఎగిరిపడుతూ, తప్పంతా సస్పెన్షన్ మీదికి తోసేవాణ్ణి. ఇప్పుడు ముందు 21, వెనక 24. గాలి తగ్గితే టైరు రాయిని చూసి గెంతకుండా దాన్ని కావిలించుకుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయి నేరుగా రిమ్ముకు తగులుతుంది. ‘టంగ్’మనే ఆ చప్పుడు ఒక్కసారి వింటే చాలు, మర్నాడే పంపు కొంటాం.

కొండ అడుగున అర కిలోమీటరు బంకమట్టి. వాన పడితే మూడు రోజులు అటు వెళ్లను. మట్టి టైరుకు చుట్టుకుని, ఫ్రేములో ఇరుక్కుని చక్రమే తిరగదు. అంతకంటే ముఖ్యంగా, తడి నేలలో దిగబడిన గాడి ఎండితే సిమెంటులా బిగుసుకుపోయి మళ్లీ వానలదాకా అందరి చక్రాలనూ లాగుతుంటుంది. పదికి ఏడు. తగ్గిన మూడింటిలో రెండు బంకమట్టికి, ఒకటి ఎవరో తాగి పగలగొట్టే సీసాలకు.

కరెంటు స్తంభాల దారిలో ఏకబిగిన దిగితే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా రీప్యాక్ గుర్తుకొస్తుంది. కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన ఉన్న నిటారు మట్టిరోడ్డు అది. 1976లో కొందరు కుర్రాళ్లు అక్కడ పాత బరువు సైకిళ్ల మీద కిందికి పందేలు పెట్టుకున్నారు. వాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్క దిగుడుకే చక్రం ఇరుసులోని గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ నింపితే గాని రెండోసారి పనికొచ్చేది కాదు. ‘రీప్యాక్’ అన్న పేరు అలా వచ్చింది. ఆ గుంపులోని జో బ్రీజ్ మరుసటి ఏడాదే కొండల కోసమే ప్రత్యేకంగా సైకిల్ తయారుచేశాడు. ఇంత చెప్పాను కదా అని ఆ రోడ్డు తొక్కడానికే పనిగట్టుకుని వెళ్లకండి. అది వెడల్పాటి మట్టిరోడ్డు, అంతే. ఆ ఊళ్లో సైకిళ్ల మ్యూజియం ఉంది, అది చూడండి.

దూరం వెళ్లాలంటే నా మొదటి ఓటు యూటా రాష్ట్రంలోని మోయాబ్‌కు, అక్కడి స్లిక్‌రాక్ బాటకు. పేరులోనే ‘జారే బండ’ అని ఉంది, కానీ జారదు. ఇనుప నాడాలు వేసిన గుర్రాలు ఆ రాతి మీద జారేవట, పేరు వాటి పుణ్యం. రబ్బరు టైరుకు అది ఉప్పుకాగితం. నా మట్టి పరీక్ష అక్కడ కుదరనే లేదు, తీయడానికి మట్టి ఉంటే కదా! అరచెయ్యి ఆనించి చూశాను. ఇసుక రేణువులన్నీ బిగుసుకుని రాయైన సంగతి చర్మానికి తెలుస్తుంది. పడితే ఆ సంగతి మోకాలికి ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ బాటను 1969లో మోటారు సైకిళ్ల కోసం గుర్తించారు. ఇప్పటికీ వాటితో పంచుకోవాల్సిందే. నేల మీద బాటంటూ ఏమీ ఉండదు. బండల మీద తెల్ల రంగుతో వేసిన గీతలను పట్టుకుని పోవాలి. మొత్తం సుమారు 16 కిలోమీటర్లు. ‘ఇంతేనా, గంటన్నర’ అనుకున్నాను. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. ఎక్కుడు ఒక్కోటి చిన్నదే, కానీ గోడలా లేస్తుంది. మామూలు కొండ మీద అంత నిటారుగా ఉంటే వెనక చక్రం జారిపోయి మన పరువు దక్కుతుంది, నేల బాగోలేదని చెప్పుకోవచ్చు. ఇక్కడ టైరు జారదు. పట్టు వదిలేది ఊపిరే. సీటు మొనకు జరిగి, గడ్డం దాదాపు హ్యాండిల్‌కు ఆనేలా వంగకపోతే ముందు చక్రం పైకి లేస్తుంది. ఆరో ఎక్కుడులో నాకు అదే జరిగింది. సైకిల్ వెల్లకిలా, నేను పక్కన కూర్చుని. వెనక వచ్చిన ఒక పెద్దాయన ఆగి, నా ఖాళీ నీళ్ల సంచీ చూసి, తన దాంట్లోంచి అర లీటరు వంచి వెళ్లిపోయాడు. మూడు లీటర్లు తీసుకెళ్లినా చాలలేదు. దారిలో ఎక్కడా నీరు దొరకదు. వసంతంలోనో శరత్తులోనో వెళ్లండి, నడివేసవిలో ఆ రాయి పెనం.

‘నేర్చుకునేవారి చుట్టు’ అని మొదట్లో ఒక చిన్న వలయం ఉంది. పేరు చూసి మోసపోకండి, పొడవు తక్కువే కానీ కష్టం అంతే. అది ఒకసారి తిరిగి చూసుకుని, మోకాళ్లు ఒప్పుకుంటేనే పెద్దదానికి వెళ్లడం మంచిది. ఇంకొకటి: బండల మధ్య అక్కడక్కడ నల్లగా, బుడిపెలు బుడిపెలుగా పొరకట్టిన నేల కనిపిస్తుంది. అది మామూలు మట్టి కాదు, సూక్ష్మజీవులు అల్లిన ప్రాణమున్న పొర. ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచేది అదే. చక్రం కాదు, అడుగు పడినా విరుగుతుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. పదికి తొమ్మిది. ఒక మార్కు, బండల నడుమ హఠాత్తుగా ఎదురై చక్రాన్ని మింగేసే ఇసుక గుంటలకు కోత.

స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియమ్‌కు పేరు చూసి వెళ్లాను. 2007లోనూ 2023లోనూ కొండ సైకిళ్ల ప్రపంచ పోటీలు అక్కడ జరిగాయి. గొండోలాలో, అంటే తీగ మీద నడిచే పెట్టెలో, పైకి వెళ్లి దిగాలి. పందెం బాట పొడవు 2.8 కిలోమీటర్లు, దిగుడు 550 మీటర్లు. ఆరితేరినవాళ్లు ఐదు నిమిషాల లోపు దిగేస్తారు. నాకు ముప్ఫై ఒక్క నిమిషాలు పట్టింది, అందులో సగం సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ. అది బాట కాదు, రాళ్ల కుప్ప. రాళ్లు కూడా తడివి, ఎందుకంటే వాన ఆగదు. ఆగితే దోమల్లా కుట్టే అతి చిన్న పురుగులు మేఘంలా దిగుతాయి, హెల్మెట్ లోపలికీ దూరతాయి. నాలాంటివాళ్లు ఆ బాట జోలికి పోకుండా, అదే కొండ పాదాన అడవిలో ఉన్న విచెస్ ట్రయిల్స్ అనే బాటలకు వెళ్లాలి. పైన్ సూదుల మెత్తని నేల, మధ్యమధ్య వేర్లు, తడిలోనూ తొక్కగలిగేలా రాయి పరిచిన ముక్కలు. రెండు గంటల్లో నా కోపం తీరిపోయింది. ఇక స్కాట్లండ్‌లో నాకు బాగా నచ్చింది చట్టం. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం, ఇతరులకు ఇబ్బంది కలిగించకుండా బాధ్యతగా నడుచుకుంటే చాలు, చాలా చోట్ల కొండల మీదా అడవుల్లోనూ సైకిల్ తొక్కే హక్కు అందరికీ ఉంది. ‘ఇది ఎవరి స్థలం, ఎవరైనా వచ్చి అరుస్తారా’ అన్న గుబులు లేకుండా తొక్కడం ఎంత హాయో, నా మేకల బాట మీద తిరిగిన నాకు తెలుసు.

కెనడాలోని విస్లర్ గురించి రెండు ముక్కలు చాలు, ఎందుకంటే దాన్ని పొగిడేవాళ్లు వేలమంది ఉన్నారు. లిఫ్టు ఎక్కిస్తుంది, మనం దిగుతాం. శిఖరం నుంచి ఊరిదాకా సుమారు 1500 మీటర్ల దిగుడు. యంత్రాలతో చెక్కిన బాటలు, గట్టు కట్టిన మలుపులు, ఏ-లైన్ అనే బాట నిండా గెంతడానికి దిబ్బలు. ఎగరడం ఇష్టమున్నవారికి స్వర్గమే. నాకు నచ్చనిది ఒకటే: వేసవి మధ్యలో మట్టి పిండైపోతుంది. అందరూ ఒకే చోట బ్రేకు పట్టడం వల్ల ప్రతి మలుపు ముందూ నేల రోకళ్లు పేర్చినట్టు గతుకులు కడుతుంది. మూడో దిగుడుకే ముంజేతులు బిగుసుకుపోయి, వేళ్లు బ్రేకు మీంచి లేవలేదు. వెళ్తే లిఫ్టు తెరిచే వేళకే వరసలో ఉండండి, వాన పడిన మర్నాడైతే మరీ మంచిది.

అద్దె సైకిళ్ల గురించి ఒక మాట. ఎక్కడన్నది వదిలేస్తాను, ఒకచోట నాకిచ్చిన సైకిల్‌కు వెనక బ్రేకు ప్యాడ్లు ఇనుప పలకదాకా అరిగిపోయి ఉన్నాయి. సగం దారిలో గీరుతున్న చప్పుడు వచ్చాక గాని గమనించలేదు. అప్పటి నుంచి దుకాణం ముందే రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి, సైకిల్‌ను ముందుకు తోసి చూస్తాను. ప్యాడ్ల మందం చూస్తాను, టైరు బొటనవేలితో నొక్కుతాను. వాళ్లు విసుక్కున్నా సరే.

న్యూజిలాండ్‌లోని రొటొరువాకు నా సొంత సైకిల్‌నే తీసుకెళ్లాను. ఆ దేశంలోకి పరాయి మట్టి రానివ్వరు. సైకిలూ బూట్లూ తెస్తున్నామని ముందే రాసివ్వాలి, అవి శుభ్రంగా ఉండాలి. బయల్దేరే ముందు రెండు రాత్రులు పాత టూత్‌బ్రష్‌తో టైరు గాడుల్లోంచి మా కొండ గులకను ఒక్కొక్కటిగా పెకలించాను. మట్టి పిచ్చి ఉన్న నాకు సరైన శిక్షే. విమానాశ్రయంలో అధికారిణి బూట్లు తిరగేసి, పెడల్‌కు తగిలే ఇనుప బిళ్ల చుట్టూ వేలితో తడిమి, ఏమీ దొరక్క తల ఊపింది. పరీక్ష పాసైనంత గర్వపడ్డాను.

ఊళ్లో వేడినీటి ఊటల నుంచి వచ్చే గంధకం వాసన మొదటి రోజు కడుపులో తిప్పుతుంది, మూడో రోజుకు గుర్తే ఉండదు. ఊరి అంచునే వకారెవరెవ అడవి. 1901లో నాటిన రెడ్‌వుడ్ చెట్లు ఆకాశాన్ని అందుకుంటున్నాయి. వాటి కిందా చుట్టుపక్కలా 150 కిలోమీటర్లకు పైగా సైకిల్ బాటలు, తేలికవాటి నుంచి నాకు చేతకానివాటిదాకా రంగుల గుర్తులతో. నేను చేరిన సాయంత్రమే కుండపోత వాన. మా కొండ లెక్కలో మూడు రోజులు పోయినట్టేనని దిగులుతో పడుకున్నాను. పొద్దున్నే వెళ్లి చూస్తే బాట మీద ఒక్క నీటి మడుగు లేదు. అగ్నిపర్వతపు నేల అది, నీటిని నిలవనివ్వదు. వంగి గుప్పెడు తీసి నొక్కాను. ముద్ద కట్టింది. వేలితో తాకితే రాలిపోయింది, అరచేతిలో మరక కూడా లేదు. టైర్లలో మరో రెండు పీఎస్‌ఐ గాలి తీసేశాను. ఐదు రోజులకని వెళ్లి తొమ్మిది రోజులు ఉన్నాను.