కమోడ్ ట్యాంకులో నీళ్ళు ఆగకపోతే: వాషరు, ఇన్‌లెట్, పూర్తి సెట్‌లలో ఏది కొనదగ్గది

శానిటరీ షాపుకెళ్ళి "ఫ్లష్ ట్యాంకులో నీళ్ళు ఆగట్లేదు" అంటే చాలా చోట్ల కౌంటర్ మీదకు వచ్చేది పూర్తి డ్యూయల్ ఫ్లష్ సెట్టే. టవరు (బటన్ నొక్కగానే నీళ్ళను కమోడ్‌లోకి వదిలే భాగం), ఇన్‌లెట్ వాల్వు (ట్యాంకులోకి నీళ్ళు నింపే భాగం), బటన్లు, వాషర్లు అన్నీ ఒకే కవర్లో ఉంటాయి. అది చెడ్డ సరుకేమీ కాదు. అయితే చాలా ట్యాంకులకు దాని అవసరమే ఉండదు. టవరు అడుగున ఉండే ఒక్క వాషరు మారిస్తేనో, ఇన్‌లెట్ విప్పి కడిగితేనో పని అయిపోతుంది. అందుకే ఈ సమీక్షలో మూడింటినీ విడివిడిగా చూస్తున్నాం: సీల్ వాషరు, ఇన్‌లెట్ వాల్వు, పూర్తి సెట్.

"కొంచెమేగా కారుతోంది" అని వదిలేసేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు కారినా రోజుకు 144 లీటర్లు పోతాయి. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు ఉన్న ఇంట్లో వారం తిరిగేసరికి ఒక ట్యాంకెడు నీళ్ళు ఆ కమోడ్‌లోంచే వెళ్ళిపోతాయి. మోటారు కరెంటు దానికి అదనం.

ఏది కొనాలో తేల్చే పరీక్షకు పైసా ఖర్చు లేదు. మూత తీసి నేల మీద గుడ్డ పరిచి దాని మీద పెట్టండి. పింగాణీ మూత పగిలితే విడిగా దొరకడం కష్టం. లోపల టవరు మధ్యలో నిలువుగా ఓ గొట్టం కనిపిస్తుంది. అదే ఓవర్‌ఫ్లో. నీళ్ళు దాని అంచు దాటి లోపలికి పడుతుంటే తప్పు ఇన్‌లెట్‌ది. నీటి మట్టం అంచుకు బాగా కిందనే ఉండి, కమోడ్ గోడ మీద సన్నటి పొర కదులుతూ ఉంటే తప్పు వాషరుది. అనుమానంగా ఉంటే యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్ళు వచ్చే పైపు దగ్గర గోడకుండే కుళాయి) పూర్తిగా కట్టేసి, నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి అరగంట ఆగండి. మట్టం తగ్గుతూ వాషరు దాకా వస్తే వాషరు మార్చాలి. మధ్యలో ఎక్కడో తగ్గడం ఆగిపోతే ఆ ఎత్తులో టవరుకు చీలిక ఉన్నట్టు. అప్పుడు వాషరు మార్చినా లాభం లేదు. అసలు తగ్గకపోతే కథంతా ఇన్‌లెట్‌లోనే. బట్టలకు వాడే నీలిమందు ట్యాంకులో నాలుగు చుక్కలు వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఉంచి, కమోడ్‌లోకి రంగు దిగిందా అని కూడా చూడొచ్చు. కాకపోతే మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు కింద ఉన్నప్పుడే ఇది చేయాలి. అంచు దాటి పడుతుంటే ఎటూ రంగు వస్తుంది, దాన్నిబట్టి ఏమీ తేలదు.

ఇంకో సంగతి. మూత తీసి ఉన్నంతసేపు నీళ్ళు ఆగి, మూత పెట్టగానే కారడం మొదలైతే ఏ స్పేరూ కొనక్కర్లేదు. బటన్ కింద ఉండే పుల్ల పొడవు ఎక్కువై టవరును ఎప్పుడూ కాస్త నొక్కి ఉంచుతోంది. దాన్ని మర తిప్పి, బటన్‌కూ టవరు తలకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా తగ్గిస్తే చాలు. సెట్ కొత్తగా బిగించిన వారంలోనే "మళ్ళీ కారుతోంది" అన్న ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడే చూడాలి.

సీల్ వాషరు. మూడింటిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. ధర సైజునూ సరుకునూ బట్టి మారినా సెట్ ధరలో చిన్న వంతే. యాంగిల్ కాక్ కట్టేసి, ఫుల్ ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేసి, టవరును పట్టుకుని పావు చుట్టు ఎడమవైపు తిప్పితే చాలా మోడళ్ళలో పైకి లేచి వస్తుంది. కొన్నింటికి పక్కన క్లిప్పులుంటాయి, అవి నొక్కి లాగాలి. టవరు పాదం దగ్గర ఉండే ఉంగరం లాంటి రబ్బరే వాషరు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే, ట్యాంకు అడుగుకు ఆనే అంచు వెంట వెంట్రుకంత మందాన తెల్లటి గార కనిపిస్తుంది. వేలితో తడిమితే గరుకుగా ఇసుకలా తగులుతుంది. ఆ గార ఉన్న చోట రబ్బరు పూర్తిగా ఆనదు, సందులోంచి నీళ్ళు జారతాయి. పాత నల్ల రబ్బరైతే గారకు తోడు ఉబ్బి వంకర పోతుంది, వేలికి నల్లగా అంటుతుంది.

రబ్బరు మెత్తగానే ఉంటే కొనే ముందు ఒకసారి కడిగి చూడండి. అర లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. ట్యాంకు అడుగున వాషరు కూర్చునే ప్లాస్టిక్ అంచుకూ అదే నీళ్ళు, అదే బ్రష్. గరుకు కాగితంతో గానీ బ్లేడుతో గానీ ఆ అంచును గీకొద్దు. అక్కడ ఒక్క గీత పడితే ఏ కొత్త వాషరూ నీళ్ళను ఆపలేదు. రెండు వైపులా ఒకేలా చదునుగా ఉన్న వాషరైతే తిరగేసి వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. ఒకవైపు పెదవిలాంటి అంచు ఉన్నదాన్ని తిరగేయకూడదు.

కొత్తది కొనేటప్పుడు నల్ల రబ్బరు కంటే సిలికాన్‌దే తీసుకోండి. అది తొందరగా గట్టిపడదు, గార కూడా తేలిగ్గా వదులుతుంది. ఇబ్బంది అంతా సైజుతోనే. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ మిల్లీమీటర్లలో కొలవాలి. మందం ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా టవరు లాక్ పడదు, తక్కువైతే కారడం ఆగదు. పాత వాషరు జేబులో వేసుకుని షాపుకెళ్ళడమే అన్నిటికన్నా నమ్మకమైన దారి. ఆన్‌లైన్‌లో "అన్ని మోడళ్ళకూ సరిపోతుంది" అని రాసినవి కొలతలు ఇవ్వకపోతే కొనొద్దు.

ఇన్‌లెట్ వాల్వు. ఇందులో రెండు రకాలు. పొడుగాటి కడ్డీ చివర బంతి ఉన్న పాత బాల్ కాక్ ఒకటి. నిలువు గొట్టం మీదే చిన్న కప్పులాంటి ఫ్లోట్ జారే కొత్త రకం ఇంకొకటి. కొత్త రకం చప్పుడు లేకుండా నిండుతుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. దీని తలలో పల్చటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దాని మధ్యలో సూది దూరేంత బెజ్జం. నీటి ఒత్తిడి ఆ బెజ్జంలోంచి వెనక గదిలోకి చేరితేనే డయాఫ్రం మూసుకుంటుంది. ట్యాంకరు నీళ్ళలో వచ్చిన ఒక్క ఇసుక రేణువు అక్కడ ఇరుక్కుంటే ఫ్లోట్ పైకి లేచినా నీళ్ళు ఆగవు. కాబట్టి ఇది కూడా ముందు కడిగి చూడాల్సిన వస్తువే. యాంగిల్ కాక్ కట్టేసి, వాల్వు తల మీది మూతను ఎడమవైపు తిప్పి తీసి, డయాఫ్రం బయటికి తీసి కడగండి. తర్వాత వాల్వు మీద ఒక మగ్గు బోర్లించి పట్టుకుని, యాంగిల్ కాక్‌ను కొద్దిగా తెరిచి మూడు నాలుగు సెకన్లు నీళ్ళు వదిలితే లోపలి ఇసుక కొట్టుకొచ్చేస్తుంది. మగ్గు లేకపోతే ధార నేరుగా పైకప్పుకు తగులుతుంది. కనెక్షన్ పైపు తగిలే చోట, వాల్వు కాడలో చిన్న జల్లెడ ఉంటే దాన్నీ కడగాలి.

కొత్తది కొనాల్సి వస్తే మీ ఇంటి నీటి ఒత్తిడిని బట్టి ఎంచుకోండి. మన దగ్గర చాలా ఇళ్ళలో నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచే వస్తాయి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి. పై అంతస్తులో, ట్యాంకు రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉన్న బాత్రూంలో 0.2, 0.3 బార్ మాత్రమే దక్కుతుంది. అంత తక్కువ ఒత్తిడికి కొన్ని డయాఫ్రం వాల్వులు నెమ్మదిగా నిండి, చివర సన్నగా కారుతూనే ఉంటాయి. అక్కడ పాత బాల్ కాక్‌దే పైచేయి. ట్యాంకులో చోటుంటే అదే వేయించుకోండి. ప్రెషర్ పంపు ఉన్న అపార్టుమెంట్లకూ, పది అంతస్తుల భవనంలో కింది ఇళ్ళకూ కొత్త రకమే మేలు. ధడధడమని శబ్దం వస్తే యాంగిల్ కాక్‌ను సగం దాకా తగ్గించండి.

గోడకు తగిలించే పీవీసీ ట్యాంకులకు చాలావరకు పక్క నుంచి వచ్చే ఇన్‌లెట్, పింగాణీ ట్యాంకులకు ఎక్కువగా అడుగు నుంచి వచ్చేది. ఒకదాని బదులు ఒకటి పట్టదు. బిగించేటప్పుడు రబ్బరు వాషరు ట్యాంకు లోపలివైపు ఉండాలి. లోపల వాల్వును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, బయట చెక్ నట్‌ను చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. బలంగా తిప్పితే ప్లాస్టిక్ మరలైనా పోతాయి, పింగాణీ అయినా చిట్లుతుంది. కనెక్షన్ పైపు నట్లలో రబ్బరు ఉంటుంది కాబట్టి అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. చివరగా ఫ్లోట్ గోడకు గానీ టవరుకు గానీ రాసుకోకుండా చూసి, మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల కింద ఆగేలా సర్దాలి. ఇన్‌లెట్ నుంచి ఓవర్‌ఫ్లోలోకి సన్నటి గొట్టం ఉన్న మోడళ్ళలో దాని కొస అంచు పైనే ఆగాలి. లోతుగా దూర్చితే ట్యాంకు నీళ్ళను అదే లాగేసుకుంటుంది.

పూర్తి సెట్. టవరు చీలినా, అడుగు అంచు గీతలు పడినా, వాషరు విడిగా దొరకని మోడల్ అయినా ఇది తప్పదు. టవరు పావు చుట్టుతో ఊడివచ్చే సెట్‌నే కొనండి. మొత్తం ఒకే ముక్కగా ఉన్నది కాస్త చవకే గానీ, రేపు గార పట్టినప్పుడు వాషరు కడగడానికి కూడా ట్యాంకు దింపాల్సి వస్తుంది. మన బోరు నీళ్ళకు అది పనికొచ్చే సరుకు కాదు. టవరు ఎత్తు పెంచి తగ్గించుకునే వీలుందా, అడుగు నట్ మందంగా ఉందా, మరలు శుభ్రంగా కూర్చుంటున్నాయా అని షాపులోనే చేత్తో తిప్పి చూడండి. వెళ్ళేటప్పుడు ట్యాంకు లోపలి ఎత్తు, అడుగు రంధ్రం వ్యాసం, మూతలో బటన్ రంధ్రం వ్యాసం రాసుకెళ్ళాలి. కంపెనీ ట్యాంకైతే ఆ కంపెనీ స్పేరుకే మా ఓటు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి మార్కెట్లలో పాతది చూపిస్తే జత వెతికిపెట్టే షాపులున్నాయి.

కమోడ్ మీదే కూర్చునే పింగాణీ ట్యాంకుకు టవరు అడుగు భాగం మార్చాలంటే ట్యాంకు దింపక తప్పదు. ఇద్దరు పట్టాల్సిన బరువు. తుప్పు పట్టిన బోల్టులు తిరగకపోతే హ్యాక్‌సా బ్లేడుతో కోయాలి. కమోడ్‌కూ ట్యాంకుకూ మధ్య ఉండే మందపాటి వాషరును, బోల్టులను కొత్తవే వేయాలి. రెండు బోల్టులనూ కాస్త ఇటు, కాస్త అటు మార్చిమార్చి బిగించాలి. ఈ ఒక్క పనికి మాత్రం ప్లంబర్‌ను పిలిస్తే నష్టం లేదు.

కొత్త వాషరు వేశాక ట్యాంకులో క్లోరిన్ బిళ్ళలు వేయొద్దు, రబ్బరును తినేస్తాయి. యాసిడ్ అసలే పోయొద్దు. క్లోరిన్ ఉన్న నీళ్ళలో యాసిడ్ పడితే విషవాయువు పుడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడి సెట్‌లు పట్టుకెళ్ళినా ఉపయోగం లేదు. అక్కడి ఇన్‌లెట్ కాడ మర 7/8 అంగుళాలది, మన అర అంగుళం మర దానికి పట్టదు. అక్కడ ఎక్కువ ట్యాంకుల్లో టవరు బదులు గొలుసుకు వేలాడే ఫ్లాపర్ (నీళ్ళు దిగే రంధ్రాన్ని మూసే రబ్బరు మూత) ఉంటుంది. అది 2 అంగుళాలదా 3 అంగుళాలదా చూసి కొనాలి, గొలుసును అర అంగుళం వదులుగా ఉంచాలి. ఇన్‌లెట్‌కు ఫ్లూయిడ్‌మాస్టర్ 400ఎ అనే మోడల్ హోమ్ డిపో దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది.

గోడలో దాచిన ట్యాంకులకు బయట దొరికే ఏ సెట్టూ పట్టదు. బటన్ ప్లేటు ఊడదీసి ఆ సందులోంచే పని చేయాలి, స్పేర్లు కంపెనీవే కావాలి. అలాంటిది కొనబోయేవాళ్ళు టైల్స్ వేయకముందే ఆ మోడల్ వాషరు, ఇన్‌లెట్ తమ ఊళ్ళో విడిగా దొరుకుతాయా అని డీలరును అడిగి, వీలైతే ఒక జత ముందే కొని పెట్టుకోవాలి.