వీఆర్వోను తీసేయడమా, రికార్డు సరిచేయడమా: ఏది మేలు?

1984లో ఎన్టీఆర్ కరణం, మునసబులను ఎత్తేశారు. ఆ కుర్చీలోకి రకరకాల పేర్లతో మనుషులు వచ్చి, చివరికి వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, దగ్గర ఆగింది. 2020 సెప్టెంబర్‌లో తెలంగాణ ఆ వీఆర్వోనూ తీసేసింది. రికార్డులు ఒక్కరోజులో వెనక్కి తీసుకున్నారు. పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, పేరెక్కడానికి చేయి తడిపిన వాళ్లు సంబరపడ్డారు, తప్పేముంది?

అక్టోబర్ 29న ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చింది. దాని మంచి దానికుంది. స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే పూట అయిపోయేవి. తగాదా లేని భూమికి ఇంకేం కావాలి?

మా పెదనాన్న భూమి మూడెకరాలు. కొత్త పాసుపుస్తకంలో 2 ఎకరాల 20 గుంటలే పడింది, అంటే అరెకరం తక్కువ. గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, పాత పహాణీ సంచిలో ఉంది. వెనకటికైతే బతిమాలో తిట్టో అడగడానికి ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. ధరణి వచ్చాక మీసేవలో దరఖాస్తు, ఆపైన కలెక్టర్ లాగిన్ అయింది. మండలాఫీసులో అడిగితే "నా చేతిలో లేదు పెద్దాయనా" అన్నారు. ఆర్డీవోకు (రెవెన్యూ డివిజన్ అధికారికి) అప్పీలు పెట్టుకునే దారిని 2020 చట్టమే మూసేసింది. సివిల్ కోర్టుకెక్కితే ఆ 20 గుంటలు వకీలు ఫీజుకే చాలవు.

అసలు తిరకాసు ఏంటంటే, ధరణిలోకి ఎక్కినవి చాలావరకు 2017 భూరికార్డుల ప్రక్షాళనలో రాసిన వివరాలే. అప్పుడు ఊరూరా తిరిగి రాసినవాళ్లలో వీఆర్వోలే ఉన్నారు. తగాదా భూములను పార్ట్-బీలో పెట్టి పక్కన పడేశారు. నేలను మాత్రం మళ్లీ కొలవలేదు. మనిషి పోయాడు, రాత మిగిలింది.

రెండో దారి ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో మొదలైన భూభారతి. ఆర్డీవోకు, ఆపైన కలెక్టర్‌కు అప్పీలు తిరిగొచ్చింది. ఊళ్లకు గ్రామ పాలన అధికారులొచ్చారు. తమాషా ఏంటంటే, ఆ సెప్టెంబర్‌లో నియామక పత్రాలు అందుకున్నది పాత వీఆర్వోలు, వాళ్ల కింద పనిచేసిన వీఆర్ఏలే (గ్రామ రెవెన్యూ సహాయకులే)! 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంచిన వీఆర్వోల్లో కొందరు మళ్లీ రెవెన్యూకే వచ్చారన్నమాట.

అయినా నా ఓటు రెండో దారికే, అదీ అప్పీలు కోసం, కుర్చీ కోసం కాదు. కొలత కూడా కావాలి. ఆంధ్రలో 2020 డిసెంబర్‌లో తక్కెళ్లపాడు నుంచి రీసర్వే మొదలుపెట్టారు. విస్తీర్ణం తగ్గిందని అక్కడా రైతులు గొడవపడ్డారు. కాబట్టి కొలతకూ అప్పీలు ఉండాల్సిందే.

పెదనాన్న 2025 జూన్‌లో రెవెన్యూ సదస్సులో దరఖాస్తు ఇచ్చాడు. రసీదు పాసుపుస్తకంలో, సరిగ్గా 20 గుంటలు తక్కువున్న పేజీలో పెట్టుకున్నాడు.