క్రైస్తవ కాలేజీలో జాతుల కలయిక: విడివిడి భర్తీయా, జట్టు స్కాలర్‌షిప్పా, బెరియా దారా – ఏది మేలు?

1866లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న బెరియా కాలేజీలో చేరినవాళ్లు 187 మంది. అందులో 96 మంది నల్లవాళ్లు, 91 మంది తెల్లవాళ్లు. అంతర్యుద్ధం ముగిసి ఏడాదే అయింది, నిన్నటిదాకా బానిసత్వం నడిచిన రాష్ట్రం అది. అలాంటి చోట ఇది జరిగితే, ఆ తర్వాత వందేళ్లు గడిచినా, 1971 వచ్చేవరకు, దక్షిణ కెరొలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులను చేర్చుకోనే లేదు. చేర్చుకున్నాక కూడా వేరే జాతివారితో ప్రేమ, పెళ్లి కూడదన్న నియమం 2000 దాకా ఉంచింది. ఆ పట్టుదల వల్లే పన్ను మినహాయింపు పోగొట్టుకుని 1983లో సుప్రీంకోర్టులో 8-1తో ఓడింది. 2008లో గానీ క్షమాపణ చెప్పలేదు. రెండు కాలేజీలూ పట్టుకున్నది ఒకే బైబిలు. కాబట్టి విశ్వాసం గట్టిగా ఉంటే కలయిక దానంతటదే వస్తుందన్న మాటను నమ్మలేం. డబ్బు ఎలా ఇస్తున్నారు, ఎవరి పక్కన ఎవరు పనిచేస్తున్నారు, పాఠం చెప్పేవాళ్లను ఎలా ఎంచుకుంటున్నారు అన్న నియమాల దగ్గరే అంతా తేలుతుంది.

ఈ రోజు ఒక చిన్న క్రైస్తవ కాలేజీ, అంటే వెయ్యి నుంచి మూడు వేల మంది విద్యార్థులున్న చోటు, అన్ని జాతుల పిల్లలూ వచ్చి, నిలిచి, పట్టా పుచ్చుకుని వెళ్లాలని కోరుకుంటే ముందున్న దారులు ముఖ్యంగా మూడు. వాటిని తూచే ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి. 2023 జూన్‌లో హార్వర్డ్, నార్త్ కెరొలైనా యూనివర్సిటీల కేసుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం సీటు ఇచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు పుచ్చుకునే ప్రైవేటు కాలేజీలకూ ఇది వర్తిస్తుంది. పేద ఇళ్ల విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ అప్పులు వాడుకునే క్రైస్తవ కాలేజీలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అయితే తన జాతి వల్ల తన బతుకు ఎలా మలుపు తిరిగిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చు, దాన్ని ఆ వ్యక్తి అనుభవంగా కాలేజీ పరిగణించవచ్చు. ఇంటి ఆదాయం, తల్లిదండ్రులు కాలేజీ మెట్లెక్కారా లేదా, ఏ ఊరి బడి అన్నవి చూడటానికీ అడ్డు లేదు. కింద చెప్పే మూడు దారులూ ఈ గీతకు లోపలే నడవాలి.

విడివిడి భర్తీ

పిల్లలను ఒక్కొక్కరిగా వెతికి చేర్చుకోవడమే విడివిడి భర్తీ. ఎక్కువ కాలేజీలు పట్టుకునే దారి ఇది, ఎందుకంటే మొదలుపెట్టడం తేలిక. నగరాల్లోని బడులకూ, నల్లజాతి, లాటినో, కొరియన్ సంఘాలకూ అడ్మిషన్ అధికారిని పంపుతారు. ఫీజులో కొంత తగ్గిస్తారు. విద్యార్థుల వ్యవహారాల విభాగంలో ఒక డైరెక్టరును పెడతారు. మొదటి ఏడాది అంకెలు పెరుగుతాయి. రెండో ఏడాది జారిపోతాయి.

జారడానికి మొదటి కారణం డబ్బు. ఫీజు 40,000 డాలర్లు, కాలేజీ తగ్గింపు 22,000 అనుకుందాం. మిగిలిన 18,000కు గదీ భోజనం 12,000 కలిపితే 30,000. పెల్ గ్రాంటు 7,000 పైచిలుకు పోగా ఇంకా 22,000కు పైనే కట్టాలి. మొదటి ఏడాది విద్యార్థి పేరు మీద దొరికే ఫెడరల్ అప్పు 5,500కు మించదు. మిగతాది తల్లిదండ్రుల అప్పే. ఆస్తి లేని ఇంట్లో ఆ అప్పు రెండోసారి తేవడం కష్టం. పైగా తగ్గింపు నిలవాలంటే ఫలానా గ్రేడు తగ్గకూడదని షరతు ఉంటుంది. బలహీనమైన బడి నుంచి వచ్చిన పిల్లకు మొదటి సెమిస్టర్‌లోనే అది గండం.

రెండో కారణం ఒంటరితనం. భర్తీ విడివిడిగా జరిగితే పిల్లలు కూడా హాస్టల్లో అంతస్తుకు ఒకరు, తరగతికి ఒకరు చొప్పున చెల్లాచెదురవుతారు. బానిసత్వం పాఠం వచ్చినప్పుడు తరగతి అంతా తిరిగి ఆ ఒక్క ముఖాన్నే చూస్తుంది. ఆదివారం తమ తీరు ఆరాధన ఉన్న సంఘానికి వెళ్లాలంటే కారు కావాలి. తమ తీరు జుట్టు కత్తిరించడం తెలిసిన మంగలి కోసం కూడా పక్క ఊరికి పోవాలి. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. డిసెంబర్ సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లవాడు జనవరిలో తిరిగి రాకపోవడానికి ఇవన్నీ కలిస్తే చాలు.

ఆ ఒక్క డైరెక్టరు మీద పడే బరువు సంగతి కూడా చెప్పాలి. ఏడ్చే పిల్లలకు ఓదార్పు, గొడవలకు మధ్యవర్తిత్వం, ప్రొఫెసర్లకు శిక్షణ, గౌరవ అతిథుల ఏర్పాట్లు అన్నీ ఆ మనిషే చూడాలి. బడ్జెట్ మాత్రం ఉండదు. రెండు మూడేళ్లకు వెళ్లిపోతే, ఆ పిల్లలకు తెలిసిన ఒకే ఒక్క పెద్ద దిక్కు పోతుంది.

జట్టు స్కాలర్‌షిప్

1989లో న్యూయార్క్‌లో మొదలైన పోసే ఫౌండేషన్ ఈ ఒంటరితనానికే మందు వెతికింది. ఒకే నగరం నుంచి పది మంది దాకా పిల్లలను ఎంచి, అందరినీ ఒకే కాలేజీకి కలిపి పంపుతుంది. ఆ కాలేజీయే ఫీజు మొత్తం మాఫీ చేస్తుంది. బయలుదేరే ముందు దాదాపు ఎనిమిది నెలలు వారం వారం కూర్చోబెట్టి శిక్షణ ఇస్తారు. కాలేజీలో మొదటి రెండేళ్లు ఒక మెంటర్ జట్టును వారానికోసారి, ఒక్కొక్కరినీ విడిగా కూడా కలుస్తారు. 2002లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో, విట్‌వర్త్ యూనివర్సిటీతో కలిసి మొదలైన యాక్ట్ సిక్స్ ఇదే పద్ధతిని క్రైస్తవ కాలేజీలకు తెచ్చింది. రెండింటిలోనూ ఎంపికకు ఆధారం నాయకత్వ లక్షణం, చదువు మీద పట్టుదల. అన్ని జాతుల పిల్లలకూ తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి 2023 తీర్పు తర్వాత కూడా ఈ దారి నిలబడగలిగింది.

పనిచేయడానికి కారణం స్పష్టమే. ఒకరు పడిపోతుంటే పట్టుకోవడానికి తొమ్మిది మంది ఉంటారు, వాళ్లు ముందే తెలిసినవాళ్లు. అప్పు భారం తక్కువ. ఎవరికి ఏ సబ్జెక్టు కొరుకుడు పడటం లేదో మెంటర్‌కు మధ్యంతర పరీక్షలకు ముందే తెలుస్తుంది.

ఇందులో దెబ్బతినే చోట్లూ ఉన్నాయి. ఏటా పది మంది చొప్పున నాలుగేళ్లకు నలభై పూర్తి స్కాలర్‌షిప్‌లు ఒకేసారి మోయాలి. కాలేజీ అధ్యక్షుడు మారినా, చేరికలు తగ్గినా మొదట కత్తిరించేది దీన్నే. మధ్యలో ఆపితే ఆఖరి జట్టు దిక్కులేనిదవుతుంది. అందుకే ప్రకటించే ముందే కనీసం రెండు జట్లకు, అంటే ఐదేళ్లకు, సరిపడా డబ్బు విడిగా కట్టిపెట్టాలి. ఇంకో చిక్కు, నాయకులుగా ఎంపికైన పిల్లలు కదా అని ప్రతి కమిటీలో, ప్రతి ఫొటోలో, ప్రతి దాతల విందులో వాళ్లనే కూర్చోబెడతారు. చదువుకోవాల్సిన సాయంత్రాలు అలా కరిగిపోతాయి. జట్టు గూడుకట్టుకుని బయటివాళ్లతో కలవకపోవడం కూడా జరుగుతుంది. ఒకే జట్టువాళ్లను ఒకే గదిలో వేయకుండా, ఒకే భవనంలో వేర్వేరు గదుల్లో వేస్తే చాలావరకు ఆ గూడు విడిపోతుంది.

బెరియా దారి

బానిసత్వాన్ని ఎదిరించిన పాస్టర్ జాన్ ఫీ 1855లో స్థాపించిన కాలేజీ ఇది. అపొస్తలుల కార్యములు 17:26లోని మాట, దేవుడు జనులందరినీ ఒకే రక్తంతో చేశాడన్నది, దీని నినాదం. ఆ మాటకు కాపలాగా ఉన్న ఏర్పాటు చూడండి. 1892 నుంచి ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ఆర్థిక అవసరం ఉన్న ఇళ్ల పిల్లలనే చేర్చుకుంటుంది. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీ పని చేయాలి. వంటగది, పొలం, లైబ్రరీ, చేనేత, ఆఫీసు, ఏదైనా సరే. పని తప్పించుకునే డబ్బున్నవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

1954లో మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ జాతుల మధ్య చిన్నచూపు తగ్గడానికి నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేని సహకారం, పై అధికారుల మద్దతు. ఊరికే ఒకచోట కూర్చోబెడితే చాలదన్నది ఆయన తేల్చిన విషయం. బెరియాలో పని నియమం ఈ నాలుగింటినీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. అపలాచియా కొండల తెల్ల పిల్లవాడూ అలబామాలోని బర్మింగ్‌హామ్ నల్ల పిల్లా ఒకే వంటగదిలో ఒకే వేళకు గిన్నెలు తోముతూ, ఒకే సూపర్‌వైజరుకు జవాబు చెప్పుకుంటారు.

కానీ బెరియా కూడా జారిన కాలం ఉంది, అందులో మనకు కావలసిన పాఠం ఉంది. 1892లో వచ్చిన అధ్యక్షుడు విలియం ఫ్రాస్ట్ కొండ ప్రాంతపు తెల్లవాళ్ల వైపు భర్తీని మళ్లించాడు. దాతలకు ఆ కథ నచ్చింది. నల్లవాళ్ల వాటా తగ్గుతూ వచ్చింది. 1904లో కెంటకీ చట్టసభ రెండు జాతులకూ కలిపి చదువు చెప్పడాన్నే నిషేధించింది. బెరియా సుప్రీంకోర్టు దాకా పోరాడి 1908లో ఓడిపోయింది. నల్లజాతి పిల్లల కోసం లూయిస్‌విల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టడానికి డబ్బు కూడబెట్టింది. 1950లో చట్టం సవరించాకే మళ్లీ తలుపు తెరిచింది. బయటి చట్టం తలుపు మూసింది నిజమే, కానీ నల్లవాళ్ల సంఖ్య అంతకుముందే, లోపలి నిర్ణయం వల్లే పడిపోయింది. ఏ కాలేజీలోనైనా దాతల మాట వింటూ భర్తీ దిశ మార్చినప్పుడు ఇదే జరుగుతుంది.

దీన్ని పూర్తిగా అనుకరించడం చాలామందికి సాధ్యం కాదు. షరతుల్లేకుండా వచ్చిన వీలునామా విరాళాలన్నీ మూలనిధికే, అంటే అసలు ముట్టకుండా రాబడి వాడుకునే నిధికే, చేరాలని 1920లో పాలకమండలి తీర్మానించింది. అలా పెరిగి పెరిగి ఆ నిధి వంద కోట్ల డాలర్లు దాటింది. నిధి లేని కాలేజీ ఫీజు ఎత్తేస్తే రెండేళ్లలో మూతపడుతుంది.

మా తీర్పు

మూలనిధి ఉన్నచోట బెరియా దారికి సాటి లేదు. లేనిచోట జట్టు స్కాలర్‌షిప్పే మేలు, ఐదేళ్ల డబ్బు ముందే కట్టిపెట్టాలన్న షరతు మీద. దానికి బెరియా నుంచి ఒక్క ముక్క అరువు తెచ్చుకోవాలి: క్యాంపస్ పనిని అవసరం ఉన్నవాళ్లకే వదిలేయకుండా విద్యార్థులందరికీ తప్పనిసరి చేయడం. లేకపోతే పేదపిల్ల వడ్డిస్తుంది, ఉన్నవాడి బిడ్డ తింటాడు, ఆ గీత తరచూ రంగు గీతే అవుతుంది. విడివిడి భర్తీని ఒంటరిగా ఎంచుకోవద్దు. నలభై మందికి సగం సగం ఇచ్చే డబ్బుతో ఇరవై మందికి పూర్తిగా ఇవ్వండి.

ఏ దారి పట్టినా ప్రొఫెసర్ల సంగతి తేల్చకపోతే ఫలితం నిలవదు. క్రైస్తవ కాలేజీల మండలి, అంటే సీసీసీయూ, సభ్య కాలేజీలు పూర్తికాల ప్రొఫెసర్లుగా క్రైస్తవులనే తీసుకుంటాయి. మతాన్ని చూసే వెసులుబాటు చట్టం ఇచ్చింది, జాతిని చూసే వెసులుబాటు లేదు. చిక్కు వచ్చేది క్రైస్తవులై ఉండాలన్న షరతుతో కాదు, ఫలానా శాఖలో సభ్యులై ఉండాలన్న షరతుతో. మిషిగన్‌లోని కాల్విన్ డచ్చి వలసవాళ్ల రిఫార్మ్‌డ్ సంఘం కాలేజీ. ప్రొఫెసర్లు ఆ శాఖలోనో దాని అనుబంధ శాఖల్లోనో సభ్యులై ఉండాలని, పిల్లలను క్రైస్తవ బడుల్లో చదివించాలని చాలాకాలం నియమం ఉండేది. నల్లజాతి బాప్టిస్టు సంఘంలో పెరిగిన ప్రొఫెసర్ అక్కడ ఉద్యోగానికి తన సంఘాన్నే వదులుకోవాల్సి వచ్చేది. శాఖ సభ్యత్వం బదులు విశ్వాస ప్రమాణం మీద సంతకం చాలంటే విశ్వాసం చెక్కు చెదరదు, ఎంచుకునే పరిధి మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆరాధన విషయంలో కూడా రెండు పద్ధతులు కనిపిస్తాయి: నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరిలో ఒక రోజు గాస్పెల్ క్వైరు (నల్లజాతి సంఘాల తీరు పాటల బృందం), లేదా ఏడాది పొడవునా పాటలు, ప్రసంగీకులు, ప్రార్థన తీరు మారుతూ ఉండటం. మొదటిది అతిథి మర్యాద. అమెరికాలో చాలా తెలుగు సంఘాలు ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటాయి కాబట్టి ఈ తేడా మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తాళంచెవి ఇవ్వడం ఒకటి, పెద్దల కమిటీలో చోటివ్వడం మరొకటి. చాపెల్, అంటే కాలేజీ ఆరాధన, ప్రణాళిక వేసే కమిటీలో ఎవరున్నారో అడిగితే ఆ కాలేజీ ఏ పద్ధతిదో తెలిసిపోతుంది.

నియమం వంచితే ఏమవుతుందో, వంచకపోతే ఏమవుతుందో మన ప్రాంతపు చరిత్రలోనూ ఉంది. 1838లో మద్రాసులో జాన్ ఆండర్సన్ తన మిషన్ పాఠశాలలో దళిత బాలురను చేర్చుకుంటే పై కులాల పిల్లలు పెద్ద సంఖ్యలో మానేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ పాఠశాలే పెరిగి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది, సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే. 1843లో మచిలీపట్నంలో బడి తెరిచిన రాబర్ట్ నోబుల్ మాత్రం పై కులాలవాళ్లు దూరమవుతారని దళిత పిల్లలను దూరంగా ఉంచాడు. ఖాళీ అవుతుందనుకున్న మద్రాసు పాఠశాల ఖాళీ కాలేదు.

పిల్లల్ని పంపే ఇంట్లోవాళ్లు రెండు కాలేజీలను పోల్చాలంటే

బ్రోషరు పక్కన పెట్టి కాలేజీ పేరుతో కామన్ డేటా సెట్, అంటే కాలేజీలు ఒకే నమూనాలో ప్రచురించే అంకెల పత్రం, వెతకండి. బీ2 పట్టికలో జాతుల వారీగా విద్యార్థుల సంఖ్య ఉంటుంది. మొదటి ఏడాది విద్యార్థుల నిలువు వరుసనూ మొత్తం విద్యార్థుల నిలువు వరుసనూ పక్కపక్కన పెట్టండి. మొదటి ఏడాదిలో నల్లజాతివాళ్లు 12 శాతం, మొత్తంలో 6 శాతం ఉంటే రెండే అర్థాలు: భర్తీ ఈ మధ్యే పెరిగింది, లేదా పిల్లలు వెళ్లిపోతున్నారు. మూడేళ్ల కిందటి పట్టిక కూడా తీస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. బీ22లో రెండో ఏడాది తిరిగొచ్చినవాళ్ల శాతం ఉంటుంది. ఐ1లో మైనారిటీ ప్రొఫెసర్ల సంఖ్య పూర్తికాలం, పార్ట్‌టైమ్ అని విడిగా ఉంటుంది. పార్ట్‌టైమ్ గడిలోనే ఎక్కువమంది ఉంటే అది కలయిక కాదు. జాతుల వారీగా ఆరేళ్లలో పట్టా పొందినవారి శాతం ప్రభుత్వ వెబ్‌సైట్ కాలేజ్ నావిగేటర్‌లో దొరుకుతుంది. అందులో వేరే కాలేజీ నుంచి బదిలీ అయి వచ్చినవాళ్లు లెక్కకు రారు. ఒక జాతిలో పది మందే ఉంటే ఒక్కరు మానేసినా పది శాతం మారుతుంది, కాబట్టి మూడు నాలుగేళ్ల సగటు చూడండి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎఫ్1 వీసా మీద వెళ్లే పిల్లలు ఈ పట్టికల్లో ఆసియన్ గడిలో ఉండరు, విదేశీయుల గడిలో ఉంటారు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు ఆసియన్ గడిలో ఉంటారు. ఒక కాలేజీ వైవిధ్యం 40 శాతం అంటే అందులో విదేశీయులు ఎందరో తీసి చూడాలి.

హిందూ, ముస్లిం కుటుంబాలు ఇంకొకటి చూసుకోవాలి. ఇలినాయ్‌లోని వీటన్‌లాంటి చోట విద్యార్థులు కూడా క్రైస్తవ విశ్వాసం ప్రకటించి, నడవడి ఒప్పందానికి కట్టుబడాలి. బెరియాలో, కాల్విన్‌లో విద్యార్థులకు ఆ షరతు లేదు. ఇక స్కాలర్‌షిప్ ఉత్తరం వచ్చాక సంతకం పెట్టే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి: నాలుగేళ్లూ అదే మొత్తం వస్తుందా లేక ఫీజు పెరిగితే తేడా మీరే కట్టాలా, గ్రేడు ఒక సెమిస్టర్ తగ్గితే తిరిగి తెచ్చుకునే గడువు ఎంత.