బండికి ప్లగ్గులు మారుస్తున్నారా? డూప్లికేట్ మాల్‌తో జాగ్రత్త

బైక్‌కి కొత్త స్పార్క్ ప్లగ్గులు (ఇంజిన్‌లో నిప్పురవ్వతో పెట్రోల్‌ని అంటించేవి) కొనబోయేవాళ్లు ముందు ఇది చదవండి. గత నెల హైదరాబాద్ నుంచి కోదాడ వెళ్తూ నేనూ మా తమ్ముడూ వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాం.

నాది పాత పల్సర్ 150. సిలిండర్ ఒకటే, ప్లగ్గులు రెండు. బయలుదేరే ముందు రోజు మా వీధి చివర స్పేర్ పార్ట్స్ షాపులో రెండూ కొన్నాను. "కంపెనీ మాలే అన్నా, నిన్ననే స్టాక్ వచ్చింది" అని ఒక్కోటి 70 రూపాయలకు ఇచ్చాడు. వేరేచోట వంద దాటి ఉన్నది ఇక్కడ ఇంత తక్కువేంటని అడగలేదు. బిల్లూ అడగలేదు.

చిట్యాల దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే సరిగ్గా దాని పక్కకు వచ్చేసరికి ఇంజిన్ ఆగి ఆగి కొట్టుకుంటూ మిస్సింగ్ మొదలైంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పికప్ లేదు. సైలెన్సర్‌లోంచి టప్ టప్‌మని శబ్దం, వెనక బస్సు హారన్. లారీ డ్రైవర్ చూసి బ్రేక్ వేశాడు కాబట్టి పక్కకు రాగలిగాను. ఆయనెవరో గానీ చల్లగా ఉండాలి.

రెండు ప్లగ్గుల బండితో చిక్కేమిటంటే, ఒకటి చచ్చినా రెండోదాని మీద ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. పొద్దున్నుంచీ బండి కాస్త బరువుగానే లాగింది. ఇద్దరం ఉన్నాం, సామానుంది, అందుకేలే అనుకున్నాను.

రోడ్డు పక్కనే ఉన్న మెకానిక్ ప్లగ్ పానాతో రెండూ విప్పి, ఒకదాన్ని చల్లారాక నా అరచేతిలో పెట్టాడు. తెల్ల పింగాణీ మీద సన్నగా పగులు. వాషర్‌ని వేలితో లాగితే ఊడి వచ్చింది. మధ్యలో ఉండాల్సిన ఎలక్ట్రోడ్, అంటే స్పార్క్ వచ్చే కడ్డీ, ఒక పక్కకు ఒరిగి ఉంది. బొటనవేలితో రుద్దితే కంపెనీ పేరు చెరిగిపోయింది. అదృష్టం కొద్దీ పాత ప్లగ్గులు టూల్ కిట్‌లోనే ఉన్నాయి. పక్కన పెట్టి చూస్తే ఏడేళ్లు తిరిగిన వాటి మీద అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. వాటినే బిగించుకుని కోదాడ చేరాం. మీరూ పాతవి అక్కడే పారేసి రాకండి.

తిరిగొచ్చి షాపుకి వెళ్తే, "వాడిన ఐటెం వాపస్ లేదన్నా" అన్నాడు. ఇంకో కంపెనీ ప్లగ్ తీసి, "దీని మీదా అదే నంబర్ ఉంది, సెట్ అవుతుంది, డబ్బులొద్దు, పట్టుకెళ్లు" అన్నాడు. డూప్లికేట్ కన్నా నాకు ఈ మాటే ఎక్కువ భయం పుట్టించింది. ప్లగ్ మీద ఉండే ఆ అంకె వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పేది. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది, అంటే వేడిని త్వరగా వదిలేది. బాష్, ఛాంపియన్‌లలో పూర్తిగా తిరగేసి, అంకె పెరిగితే వేడిది. అంకె చూసి కంపెనీ మార్చారంటే ఇంజిన్‌తో ఆడుకున్నట్టే. మరీ వేడి ప్లగ్ పడితే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది, పిస్టన్‌కు చిల్లు పడేదాకా వెళ్తుంది. మరీ చల్లటిదైతే మసి పట్టి పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్.

ప్లగ్ మర (బిగించే చుట్లు) పట్టిందంటే సరిపోయిందని కాదు. మర పొడవు కూడా చూడాలి. ఎన్‌జీకే నంబర్‌లో హెచ్ (H) అక్షరం ఉంటే 12.7 మిల్లీమీటర్లు, ఈ (E) ఉంటే 19. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది పెడితే పిస్టన్‌కు తగలొచ్చు. ఆర్ (R) అక్షరం రెసిస్టర్‌కు గుర్తు, స్పార్క్ వల్ల వచ్చే ఎలక్ట్రికల్ అలజడిని తగ్గించేది అది. కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు అది ఉండాలని మాన్యువల్‌లో ఉంటే అది లేనిది పెట్టించకండి, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌కి) ఇబ్బంది. మాన్యువల్‌లో ఉన్న నంబర్ మొత్తం అక్షరాలతో సహా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, షాపులో అదే చూపించండి. బిగించేటప్పుడు కూడా మొదట చేత్తోనే తిప్పమనండి. మర అడ్డంగా ఎక్కితే ఇంజిన్ అల్యూమినియం హెడ్ పాడై లేత్ షాపుకి పోవాల్సిందే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉందిగానీ, చేతిలో బిల్లు లేకుండా ఏమని చెప్పను? నా 140 రూపాయలు పోయినట్టే. ఇప్పుడు అధీకృత సర్వీస్ సెంటర్‌లో బిల్లుతో కొన్న ప్లగ్గులు బండిలో ఉన్నాయి. ఆ డూప్లికేట్లు రెంటినీ సుత్తితో పగలగొట్టి చెత్తలో వేశాను, మళ్లీ ఎవరి బండికీ ఎక్కకుండా.