షిట్జూకు ‘ఆల్ ఇన్ వన్’ గ్రూమింగ్ కిట్: పెట్టెలో పనికొచ్చేవి ఎన్ని?

హనుమకొండ పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఇప్పుడు ఒకే రకం పెట్టె. ఛార్జింగ్ ట్రిమ్మర్, దానికి (బ్లేడ్ మీద తొడిగే) నాలుగు ప్లాస్టిక్ గార్డులు, ఒక స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగల పళ్లున్నది), దువ్వెన, కత్తెర, గోళ్ల కట్టర్, ఆకురాయి. పైన పేరు మారుతుంది కానీ లోపలి సరుకు దాదాపు అదే. షిట్జూ కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు దాంతోపాటు దీన్ని కూడా కొనేస్తున్నారు. ముందే చెప్పేస్తాం: గోళ్ల కట్టర్, ఆకురాయి బాగానే ఉంటాయి. బ్రష్‌తో సర్దుకుపోవచ్చు. దువ్వెన నాసిరకం. కత్తెర ఇంట్లో కాగితాలకు వాడుకోండి. ట్రిమ్మర్ మాత్రం ఈ జాతి బొచ్చు మీద పెట్టదగ్గది కాదు.

ఎందుకో తెలియాలంటే ముందు కుక్క సంగతి చూడాలి. షిట్జూ 4 నుంచి 7 కిలోల లోపు తూగే ఒడి కుక్క. చైనా రాజభవనాల్లో మనుషుల పక్కన కూర్చోవడానికే పెంచిన జాతి, ఇప్పటికీ దానికి వచ్చిన పని అదే. కాపలా ఆశించొద్దు. గేటు తీసుకుని ఎవరొచ్చినా తోక ఊపుకుంటూ ఎదురెళ్తుంది. మొరగడం తక్కువ, పిల్లలతో, ముసలివాళ్లతో చక్కగా కలిసిపోతుంది, అపార్ట్‌మెంట్‌లో ఇమిడిపోతుంది. మొండితనం కూడా ఉంది. ఒంటికీ రెంటికీ ఒకేచోట వెళ్లడం నేర్పాలంటే నెలలు పడుతుంది, తిడితే మంచం కిందికి దూరి ఇంకా ఆలస్యం చేస్తుంది. రోజంతా ఒంటరిగా వదిలేసే ఇంటికి, పెరట్లో కట్టేసే ఇంటికి ఇది అస్సలు సరిపడదు.

గ్రూమింగ్‌కు వచ్చేసరికి ఈ సాధుగుణమే చిక్కు తెస్తుంది. నొప్పి పుట్టినా వెంటనే అరవదు, కరవదు. పెదవులు నాకడం, ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, కాలు మెల్లగా వెనక్కి లాక్కోవడం, అంతే. కుయ్యిమనేదాకా ఆగితే అప్పటికే తోలు కంది ఉంటుంది. కాబట్టి పరికరం ఎంత మెత్తనిదో చెప్పడానికి కుక్క ఓర్పు కొలత కాదు. స్లిక్కర్ బ్రష్‌ను ముందు మీ ముంజేతి లోపలి వైపు, కుక్క మీద వాడే ఒత్తిడితోనే నాలుగుసార్లు లాగి చూడండి. గీతలు పడితే ఆ ఒత్తిడి ఎక్కువ. కిట్‌లో వచ్చే బ్రష్‌ల తీగలు గట్టిగా, కొసలు పదునుగా ఉంటాయి. తీగ కొసలకు ప్లాస్టిక్ గుండ్లు పెట్టినవి మెత్తగా అనిపిస్తాయి గానీ, ఆ గుండ్లే సన్నటి వెంట్రుకల్ని పట్టి తెంపుతాయి. తీగలు కాస్త వంగే, గుండ్లు లేని చిన్న స్లిక్కర్ విడిగా కొనడం మేలు.

బ్రష్ కంటే ముఖ్యమైనది దువ్వెన. ఏడున్నర అంగుళాల స్టీలు దువ్వెన, సగం పళ్లు ఎడంగా, సగం దగ్గరగా ఉండేది కావాలి. కిట్‌లో ఇచ్చేది పొట్టి పళ్ల రేకు దువ్వెన. అది పైపొరను నున్నగా చేస్తుంది, అడుగున అట్టకట్టిన బొచ్చును తాకనే తాకదు. షిట్జూకు రెండు పొరల బొచ్చు, పైన పొడుగు వెంట్రుక, కింద మెత్తటి నూగు. ఊడిన నూగు కింద పడకుండా పైవెంట్రుకల్లోనే చిక్కుకుంటుంది. ఇల్లంతా బొచ్చు రాలదని మెచ్చుకుంటారు కదా, ఆ రాలనిదే లోపల ఉండలు కడుతుంది. సుమారు 8 నుంచి 12 నెలల వయసులో పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేటప్పుడు మరీ ఘోరం. పొద్దున దువ్వితే మర్నాటికి మళ్లీ చిక్కులు. చాలామంది విసిగిపోయి గుండు కొట్టించేది ఆ నెలల్లోనే. ఆ దశ దాటితే కాస్త తెరిపి.

దువ్వే పద్ధతి ఇది. కుక్కను పక్కకు పడుకోబెట్టి పొట్ట దగ్గర మొదలెట్టండి. బొచ్చును ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, అడుగున పాయ తీసినట్టు తోలు కనిపించేలా అరంగుళం వరస మాత్రం కిందికి వదలండి. ఆ వరసకు కాస్త నీళ్లు కలిపిన కండిషనర్ స్ప్రే కొట్టి, కొసల నుంచి మొదలెట్టి కుదుళ్ల దాకా రండి. పొడి బొచ్చును దువ్వితే వెంట్రుక తెగుతుంది. స్లిక్కర్ తర్వాత స్టీలు దువ్వెన తోలు నుంచి కొసదాకా ఎక్కడా ఆగకుండా జారాలి, అప్పుడే ఆ వరస అయినట్టు. ఆగితే అక్కడ ఉండ ఉంది. చెవుల వెనక, చంకలు, హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) కింద, తొడల లోపలి భాగం, తోక మొదలు, గడ్డం: పైపైన దువ్వేవాళ్లు వదిలేసేది ఈ చోట్లే. రోజుకు పది నిమిషాలు, వారానికోసారి తీరిగ్గా అరగంట.

ఉండ దొరికితే దాని మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో రెండుగా, నాలుగుగా విడదీయండి. ఆ పైన కుదురు గట్టిగా పట్టుకుని దువ్వితే తోలు లాగదు. రాకపోతే కత్తిరించాలి. కిట్‌లోని కత్తెరతో ఎక్కువ గాయాలయ్యేది ఇక్కడే. ఉండను పైకి లాగితే దాని వెంట పల్చటి తోలు కూడా గుడారంలా లేస్తుంది, కత్తెర దాన్ని కోసేస్తుంది. ఉండకూ తోలుకూ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెనకు పైవైపు మాత్రమే కత్తిరించండి. దువ్వెన దూరనంత దగ్గరగా అట్టకట్టి ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు. ఉండలుండగా స్నానం మాత్రం చేయించొద్దు, నీళ్లు తగిలి ఆరాక ఉండ ఇంకా బిగుసుకుపోతుంది.

ఇక ట్రిమ్మర్. మోటారు చిన్నది. పల్చటి బొచ్చు మీద నడుస్తుంది, నూగు దట్టంగా ఉన్నచోట మొరాయించి కోయడం మాని పీకుతుంది. గార్డు తొడిగితే చిక్కులో ఇరుక్కుంటుంది, తీసేస్తే మరీ తోలు దాకా గీస్తుంది. నడిపే కొద్దీ బ్లేడ్ వేడెక్కుతుంది, ఆ వేడి పొట్ట మీద, తొడల మధ్య పల్చటి తోలుకు చురకలు పెడుతుంది, మర్నాటికి గాని ఎర్రమచ్చలు బయటపడవు. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడ్‌ను మీ మణికట్టు మీద ఆనించి చూడాలి, వెచ్చగా తగిలితే ఆపాలి. ఇంట్లోనే కటింగ్ చేయాలని గట్టిగా అనుకుంటే ఊడదీసే బ్లేడ్లున్న క్లిప్పర్ కొనండి. 10 నంబరు బ్లేడ్ సుమారు 1.5 మిల్లీమీటర్ల బొచ్చు వదులుతుంది. అది పాదాల అడుగున మెత్తల మధ్యకు, మలద్వారం చుట్టూ, పొట్టకు. ఒంటికి 7ఎఫ్ రకం బ్లేడ్ అయితే సుమారు 3.2, 4ఎఫ్ అయితే 9.5 మిల్లీమీటర్లు. ఓరుగల్లు ఎండాకాలానికి 4ఎఫ్ సరిపోతుంది. శుభ్రంగా స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి, దువ్వెన ఆగకుండా జారే బొచ్చు మీదే క్లిప్పర్ నడవాలి. మట్టి బొచ్చు మీద ఒక్కసారి నడిపినా బ్లేడ్ పదును పోతుంది.

ఎండలని గుండు కొట్టించడం మంచిదా? కాదు. తోలు కనిపించేలా గీయిస్తే ఎండ నేరుగా తగులుతుంది. అయినా ఈ కుక్కకు వేడి తట్టుకోలేని ఇబ్బంది బొచ్చుతో కంటే మూతితో ఎక్కువ. చప్పిడి ముక్కు, ఇరుకు శ్వాసనాళం, రొప్పి ఒళ్లు చల్లార్చుకునే శక్తి తక్కువ. మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే మన దగ్గర వాకింగ్ పొద్దున ఆరున్నరలోపు అయిపోవాలి. సాయంత్రం రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను దింపొద్దు. గురగురమంటూ ఆగకుండా రొప్పడం, నాలుక ఇటుక ఎరుపెక్కడం, జిగట చొంగ కనిపిస్తే వెంటనే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రమాదం. గడ్డి కూలర్ ముందు పడుకోవడం ఏప్రిల్‌లో ఫరవాలేదు. జూలైలో అదే కూలర్ గాలికి బొచ్చు ఎప్పుడూ చెమ్మగా ఉండి ముక్కవాసన పడుతుంది, తామర అంటుకుంటుంది.

షాంపూ కిట్‌లో రాదు, అదొక మేలు. కుక్క తోలు పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) మనిషి తోలు కంటే ఎక్కువ, మన షాంపూ దాన్ని పొడిబార్చేస్తుంది. కుంకుడు రసం అసలే వద్దు. షిట్జూ కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి, ఆ రసం చుక్క పడినా మంటెత్తి రుద్దుకుని గాయం చేసుకుంటుంది. డెటాల్, ఫినాయిల్ కలిపిన నీళ్లు, గోమార్లకని (పిడుదులకని) కిరోసిన్ పూయడం, ఇవన్నీ ప్రాణం మీదికి తెచ్చే పనులు. కుక్కల షాంపూను సీసా మీద రాసిన పాళ్లలో నీళ్లతో కలిపి రెండు మూడు వారాలకోసారి వాడితే చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో షాంపూ నురగ సరిగ్గా రాదు, కడిగాక బొచ్చు గరుగ్గా ఉంటుంది. చివరి కడుగుకైనా భగీరథ నల్లా నీళ్లు పట్టి ఉంచుకోండి. ఆరబెట్టడానికి డ్రయ్యర్ గోరువెచ్చగా, ఒంటికి జానెడు దూరంలో ఉండాలి, దువ్వుతూనే ఆరబెట్టాలి. దానంతటదే ఆరితే మళ్లీ ఉండలు.

కళ్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే ముఖం కటింగ్ పేరుతో దెబ్బతినేవి అవే. రోజూ పొద్దున కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ఒక్కో కంటికి ఒక్కో దూదితో తుడవండి. కన్ను చికిలించడం, ఎర్రబడటం, నీలిరంగు పొర కనిపిస్తే అదే రోజు డాక్టర్ చూడాలి. ఇంట్లో మిగిలిపోయిన కంటి చుక్కలు వేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీది పుండు ఇంకా లోతెక్కుతుంది. మెడకు బెల్టు కట్టి లాగకండి, హార్నెస్ వాడండి. మెడ పట్టు బిగిస్తే ఈ జాతిలో కన్నుగుడ్డు బయటికి జారే ప్రమాదం కూడా ఉంది.

గోళ్ల కట్టర్, ఆకురాయి ముందే మెచ్చుకున్నాం. నల్లగోరు అయితే ఒక్కో మిల్లీమీటరే కత్తిరిస్తూ కోసిన ముఖం చూడండి. మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే ఆగాలి, దాని వెనకే రక్తనాళం. కోసుకుంటే కార్న్‌ఫ్లోర్ అదిమి పట్టండి. బొటనగోరు నేలకు తగలదు కాబట్టి అరగదు, గుండ్రంగా తిరిగి తోలులోకి దిగుతుంది. గ్రానైటు బండల ఇళ్లలో పాదాల మధ్య బొచ్చు కూడా తీయకపోతే కాళ్లు జారి మోకాలి చిప్ప ఇబ్బందులు పెరుగుతాయి.

గోమార్లకు ఏ కిట్‌లోని దువ్వెనా మందు కాదు. దట్టమైన బొచ్చులో అవి చెవి లోపల, వేళ్ల మధ్య, తోక కింద దాక్కుంటాయి. వాటి వల్ల వచ్చే జ్వరాలు మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాల్సిందే. నోటి మాత్రల్లో ఒక నెల పనిచేసేవి, 12 వారాలు పనిచేసేవి ఉన్నాయి. బరువు తూచి డాక్టర్ చెప్పినదే వేయాలి, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

కొనాల్సిన లెక్క: చిన్న స్లిక్కర్, ఏడున్నర అంగుళాల స్టీలు దువ్వెన, గోళ్ల కట్టర్, మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర. కటింగ్‌కు అయిదారు వారాలకోసారి సెలూన్. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇంటికొచ్చి చేసేవాళ్లూ దొరుకుతున్నారు. ఫోన్‌లో చెప్పే ధరలో చిక్కులు తీయడం కలిసి ఉందా, విడిగానా అని అడగండి. కుక్కను డ్రయ్యర్ పెట్టెలో పెట్టి తలుపేస్తారా అని కూడా అడగండి. చప్పిడి ముక్కు కుక్కకు అది వద్దే వద్దు, చేత్తో పట్టుకునే డ్రయ్యర్ చాలు. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా అద్దం వెనక నుంచైనా చూడనిచ్చే చోటుకే తీసుకెళ్లండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు రిబ్బను, సెంటు వాసన కాదు, చంకలో, చెవి వెనక మీ దువ్వెన ఒకసారి లాగి చూసి డబ్బులివ్వండి.