837 కిలోహెర్ట్స్: విజయవాడ ఆకాశవాణితో నలభై అయిదేళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మా వంటింటి అలమారు మీద ఉండే రేడియో ముల్లు ఈ నలభై అయిదేళ్లలో 837 దగ్గర నుంచి కదిలిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈలోగా సెట్లు నాలుగు మారాయి, కేంద్రం మాత్రం మారలేదు. పొద్దస్తమానం సినిమా పాటలు వినాలనుకునేవారికి విజయవాడ ఆకాశవాణి సరిపడదని ముందే చెప్పేస్తున్నాను. వారికి ప్రైవేటు ఎఫ్.ఎం.లు ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి ఎనిమిది గంటల దాకా, తొందరపడని ఒక గొంతు శుభ్రమైన తెలుగులో ఇంట్లో వినిపిస్తూ ఉండాలనుకునేవారికి మాత్రం దీనికి సాటి వచ్చేది నాకు ఇంతవరకు దొరకలేదు.

ఈ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతకు పదేళ్ల ముందు, 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ఏర్పడిన నాటి నుంచి కోస్తా జిల్లాలవారు తెలుగు ప్రసారాల కోసం మద్రాసు వైపే చెవి పెట్టుకుని ఉండేవారు. అక్కడ తెలుగుకు దక్కే వేళలు తమిళంతో పంచుకోగా మిగిలినవి. హైదరాబాదులో ఉన్న దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వానిది, అది 1950లో గాని ఆకాశవాణిలో చేరలేదు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడక ముందే కృష్ణ ఒడ్డున తెలుగువారికంటూ ఒక ప్రసార కేంద్రం రావడం ఎంత పెద్ద సంగతో మా తాతగారి మాటల్లో తెలిసేది. ఆయన చివరిదాకా దానిని బెజవాడ రేడియో అనే అన్నారు.

ఈ కేంద్రం సంగీతాన్ని అంచనా కట్టాలంటే 1950లలో జరిగిన ఒక విషయం తెలియాలి. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట గిట్టేది కాదు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోవడంతో శ్రోతలు రేడియో సిలోన్‌కు తరలిపోయారు. ఆ శ్రోతలను వెనక్కు రప్పించుకోవడానికే 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పుట్టింది. మా నాన్నగారి తరంవారికి రేడియో సిలోన్ తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు సొంత ఊరి గొంతంత చనువు. అయితే ఆ కట్టడి వల్ల ఖాళీ అయిన జాగాలోనే లలిత సంగీతం వేళ్లూనుకుందని నా అభిప్రాయం. కవి రాసిన గేయాన్ని తెలుగు తీరుకు, రాగానికి లొంగదీసి, మూడు నాలుగు వాద్యాలతో సరిపెట్టి, మాట స్పష్టంగా వినిపించేలా పాడించడం విజయవాడకు అబ్బిన విద్య. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి ఒకే కేంద్రంతో ముడిపడి ఉన్నారంటే, ఆ పాటల్లో పొల్లు ఎందుకు తక్కువో వేరే చెప్పనక్కరలేదు.

పాటలు నేర్పే కార్యక్రమం వచ్చే వేళకు అమ్మ పొయ్యి మంట తగ్గించేది. నేర్పేవారు ఒక్కో పాదాన్ని పాడి ఆగగానే, అమ్మ ఆ విరామంలో పప్పుగుత్తి పట్టుకునే దాన్ని తిరిగి పాడేది. పిన్ని గుమ్మంలో కూర్చుని లెక్కల పుస్తకం వెనక పేజీలో గబగబా రాసుకునేది. ఒక చరణంలో పిన్ని "వెన్నెల" అన్నది "వెన్నలా" అని విని అలాగే రాసుకుంది. పాట పూర్తయ్యాక కేంద్రం వారు మొదటి నుంచి మళ్లీ వినిపించినా దిద్దుకోలేదు. ఆ పాటను మా ఇంట్లో ఇప్పటికీ వెన్నతోనే పాడుకుంటాం.

పొద్దున్నే ప్రసారాలకు ముందు వచ్చే సంకేత సంగీతం వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినది, శివరంజని ఛాయలో సాగుతుంది. దాని తరువాత వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని. గడియారం చూసే పని లేకుండా మా ఇంట్లో పనులన్నీ ఈ వరుసనే సాగేవి. "సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః" అని సంస్కృత వార్తలు వినపడేసరికి, అంటే ఆరూ యాభై అయిదుకు, నేను స్నానం ముగించి ఉండకపోతే బడికి ఆలస్యమైనట్టే లెక్క. సంస్కృతం ఒక్క ముక్క రాని పిల్లలకు కూడా ఆ వాక్యం నోటికి వచ్చు.

ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీగారివి. రామాయణ భారతాలను ఆయన పండిత సభకు చెప్పినట్టు కాక, అరుగు మీద కూర్చున్న పదిమందికి చెప్పినట్టు చెప్పేవారు. ఒక సందర్భంలో గొంతు పెంచి, వెంటనే తగ్గించి, విన్నవాడిని నిలదీసినట్టు ఒక ప్రశ్న వేసి ఊరుకునేవారు. నాన్నగారు రేడియోను కిటికీలో పెట్టి శబ్దం పెంచేవారు, రిక్షా తొక్కే ఆయన ఒకరు మా గోడ నీడన బండి ఆపి పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు. నాకు తెలిసిన తెలుగు వాక్య నిర్మాణంలో సగం పాఠ్యపుస్తకాల కన్నా ఆ మధ్యాహ్నాల నుంచే వచ్చిందని చెప్పగలను.

1990 మే 9న తీరం దాటిన తుపానుకు రెండు రోజుల ముందు నుంచే నాన్నగారు నాలుగు సెల్లులు కొత్తవి కొని పెట్టుకున్నారు. కరెంటు పోయాక, తలుపుకు బల్ల అడ్డం పెట్టుకుని, లాంతరు పక్కన ఆ సెట్టు చుట్టూ కూర్చున్నాం. ఇంటింటా సెల్‌ఫోను రాని ఆ కాలంలో బయట ఏం జరుగుతున్నదో చెప్పే దిక్కు అదొక్కటే. సెల్లులు అయిపోతాయని గంటకోసారి మాత్రమే మీట తిప్పనిచ్చేవారు.

ఇక సెట్టు కొనదలచినవారికి నా అనుభవం పనికివస్తుంది. వంద కిలోవాట్ల ప్రసారిణి కనుక గుంటూరులో సంకేతానికి లోటు ఉండదు, లోటంతా ఇంట్లోనే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం రాత్రికి రాత్రి 837 మీద ఝుమ్మని రొద మొదలైతే, ఒక మరమ్మతు దుకాణం వారు లోపల ఏదో మార్చి డబ్బు తీసుకున్నారు, రొద మాత్రం తగ్గలేదు. చివరికి ఇంట్లో మీటలు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే దోషి వరండాలోని చవక ఎల్.ఈ.డి. బల్బు అని తేలింది. మీడియం వేవ్‌ను పట్టే ఫెరైట్ కడ్డీ సెట్టు లోపల అడ్డంగా ఉంటుంది, దాని కొస ఎటు చూపిస్తే అటు నుంచి వచ్చే సంకేతం సన్నగిల్లుతుంది. కాబట్టి సెట్టు కొస విజయవాడ వైపు కాక, రొద పుట్టించే బల్బో ఇన్వర్టరో ఉన్న వైపు ఉండేలా తిప్పుకోవాలి. నేను తెప్పించుకున్న డిజిటల్ అంకెల సెట్టు మరో చిక్కు తెచ్చింది: అది పది పది కిలోహెర్ట్స్ చొప్పున గెంతుతూ 830 నుంచి నేరుగా 840కి పోయేది, నడుమ ఉన్న 837 దానికి లేనేలేదు. మన దేశంలో కేంద్రాలు తొమ్మిదేసి దూరంలో ఉంటాయని, ఒక మీటను కాసేపు నొక్కిపట్టి సెట్టును తొమ్మిదికి మార్చుకోవాలని తెలియడానికి నాకు వారం పట్టింది.

102.2 ఎఫ్.ఎం. మీద వచ్చే ఆకాశవాణి వారి రెయిన్‌బో కృష్ణవేణి శబ్దపు నాణ్యత ఎక్కువ, కబుర్లూ ఎక్కువే. పాటల కోసం కారులో వింటాను, అంతకు మించి చెప్పవలసింది లేదు. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో అయితే రొద అన్నదే ఉండదు, హైదరాబాదులో మా అమ్మాయి భక్తిరంజని వింటున్నది దాని చలవే. అయితే ఫోనులో వచ్చేది మీడియం వేవ్ కన్నా కొంత వెనకబడి ఉంటుంది. పొద్దున ప్రాంతీయ వార్తల వేళకు నేను హాల్లో ఫోను పెట్టుకుంటే, అమ్మ వంటింట్లో పాత సెట్టు పెట్టుకుంటుంది. "ఒరేయ్, సాయంత్రం వాన ఉందిట, గొడుగు తీసుకెళ్లు" అని లోపల నుంచి అమ్మ కేక వేశాక, నా ఫోను అప్పుడే గొంతు సవరించుకుని "వాతావరణం" అంటుంది.