లైనక్స్‌కు యాంటీవైరస్ కొంటున్నారా? డబ్బు కట్టకముందే ఇది చూసుకోండి

మా ఆఫీసు ఫైల్ సర్వర్ ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) మీద నడుస్తుంది. విండోస్ సిస్టమ్‌ల నుంచి రోజంతా ఫైళ్లు దాంట్లోకి వచ్చి పడుతుంటాయి. అందుకే పోయిన నెల ఒక యాంటీవైరస్‌కు ఏడాది లైసెన్సు తీసుకున్నాను. ఉబుంటులో పనిచేస్తుందని అమ్మేవాళ్లు రాశారు గానీ ఏ వెర్షన్‌లోనో రాయలేదు. నేనూ అడగలేదు. అక్కడే దెబ్బ తిన్నాను.

కీ యాక్టివేట్ చేసి ఇన్‌స్టాల్ మొదలుపెడితే, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) కావాలి, అది దొరకడం లేదని ఆగిపోయింది. ఉబుంటు 22.04తో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది, పాత 1.1 దాని రిపాజిటరీలో (ప్యాకేజీలు దొరికే ఉబుంటు సొంత నిల్వలో) లేదు. అమ్మినవాళ్ల ప్యాకేజీ ఇంకా పాత ఉబుంటు 20.04 దగ్గరే ఉండిపోయింది.

అసలు టెన్షన్ సపోర్టుకు ఫోన్ చేశాక మొదలైంది. డిపెండెన్సీలు (ప్యాకేజీ నడవడానికి కావాల్సిన మిగతా ప్యాకేజీలు) పట్టించుకోకుండా, ప్యాకేజీ ఫైళ్లను నేరుగా ఎక్కించే డీపీకేజీ కమాండ్‌తో బలవంతంగా ఎక్కించమన్నారు. ఎక్కించాను. ఆ క్షణం నుంచి ఏపీటీ (ప్యాకేజీలు తెచ్చి పెట్టే ఉబుంటు టూల్) మొరాయించింది, ముందు విరిగిన ప్యాకేజీ సంగతి తేల్చమంటూ ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయనివ్వలేదు. తర్వాత కొత్త లైబ్రరీకే పాత పేరుతో లింక్ పెట్టమన్నారు. అదీ చేశాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 వెర్షన్ లేదని ఇంకో ఎర్రర్. పేరు మారిస్తే లోపలున్నది మారదు కదా! చివరికి 20.04 లోని పాత లైబ్రరీ తెచ్చి పెట్టుకోమన్నారు. అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1, దానికి మామూలు సపోర్టు 2023 సెప్టెంబరు 11తోనే ముగిసింది. భద్రత కోసం కొన్నదానికి, అప్‌డేట్లు ఆగిపోయిన లైబ్రరీని సర్వర్‌లోకి తేవడానికి నేను ఒప్పుకోలేదు.

పాత ఉబుంటు వాడేవాళ్లకు దీనికి తిరగబడ్డ సమస్య వస్తుంది. కొత్త యాంటీవైరస్ జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) 2.34 కావాలంటుంది, 20.04లో ఉండేది 2.31. అప్పుడు ఎవరు చెప్పినా సరే, జీలిబ్‌సీని మాత్రం చేత్తో మార్చకండి. ఎల్‌ఎస్, సుడో లాంటి మామూలు కమాండ్ల దగ్గర్నుంచి దాదాపు అన్నీ దాని మీదే నడుస్తాయి. తేడా వస్తే లాగిన్ అవ్వడం కూడా కష్టమే.

కొనేముందు ట్రయల్ డెబ్ ఫైల్ (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైల్) తెప్పించుకోండి. డీపీకేజీకి హైఫన్, పెద్ద ఐ ఇచ్చి పక్కన ఫైల్ పేరు పెడితే, ఏమీ ఇన్‌స్టాల్ కాకుండానే వివరాలు చూపిస్తుంది. అందులో 'డిపెండ్స్' అనే వరుస చదవండి. నాకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అక్కడే కనిపించింది, కాకపోతే డబ్బు కట్టాక. మీ జీలిబ్‌సీ వెర్షన్ ఎల్‌డీడీ కమాండ్ చెబుతుంది. ఏపీటీలో సిమ్యులేట్ ఆప్షన్ (నిజంగా ఇన్‌స్టాల్ చేయకుండా ఏం జరుగుతుందో చూపించేది) పెట్టి చూస్తే ఇంకా మంచిది.

ఆ ప్యాకేజీని, నేను పెట్టిన లింక్‌ను తీసేశాకే ఏపీటీ దారికి వచ్చింది. ఇప్పుడు ఉబుంటు రిపాజిటరీలోనే ఉచితంగా దొరికే క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ పెట్టి, రోజూ రాత్రి స్కాన్ చేయిస్తున్నాను. కట్టిన డబ్బు మాత్రం రాలేదు. కీ యాక్టివేట్ అయ్యాక వాపసు కుదరదన్నారు. ట్రయల్ ఫైల్ ఇవ్వని చోట కొనకండి. కొన్నా, ఇన్‌స్టాల్ పూర్తయ్యేదాకా కీ వాడకండి.